నవల చిత్తుప్రతి పూర్తయింది: తిరగరాత ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న
ఆముదపు చెలక (మిర్యాలగూడ)

అందరికీ నమస్కారం. నేను ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా తల్లిగారి ఊరు దేవరకొండ దిక్కున ఉంటుంది. నాలుగేళ్లుగా రాస్తున్న నవల చిత్తుప్రతిని మొన్నటి సంక్రాంతి సెలవుల్లో ముగించాను. మొత్తం 42 అధ్యాయాలు, దాదాపు 1,30,000 మాటలు. కథ 1957లో మొదలై 1985లో ముగుస్తుంది.

కథ క్లుప్తంగా ఇది. దేవరకొండ తాలూకాలోని ఒక చెలక (వాననీటి మీద ఆధారపడ్డ మెట్టభూమి) ఊరిలో ఆముదాలు, జొన్నలు పండించుకొనే కుటుంబం నుంచి పెద్దకొడుకు పదిహేడేళ్ల వయసులో నాగార్జునసాగర్ డ్యాం పనికి వెళతాడు. కొంతకాలం డబ్బులు పంపి, తరువాత జాడ లేకుండా పోతాడు. తల్లి అతన్ని వెతుక్కుంటూ కాలినడకన సాగర్‌కు పోతుంది. చిన్నకొడుకు ఊరిలోనే ఉండి చెలకను నమ్ముకుంటాడు. డ్యాం పూర్తయి ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారతాయి గాని ఆ ఊరి ఎత్తుకు ఎక్కవు. బావులు ఎండి బోరింగు నీళ్లు తాగడం మొదలైన తరువాత చిన్నకొడుకు కాళ్లు మెల్లమెల్లగా వంగిపోతాయి. అతని కూతురు చదువుకొని, చివరి అధ్యాయాలలో పెద్దనాయన జాడ వెతకడానికి బయలుదేరుతుంది.

నా ఇబ్బందులు చెబుతాను. మొదటిది, ముగించిన నాటి నుంచి మొదటి మూడు అధ్యాయాలనే పదకొండుసార్లు దిద్దాను, నాలుగో అధ్యాయానికి పోలేకపోతున్నాను. రెండోది భాష. సంభాషణలన్నీ మా నల్లగొండ మాటలోనే రాశాను, కథనం మాత్రం పుస్తకాల భాషలో మొదలుపెట్టాను. అయితే తల్లి సాగర్‌కు నడిచిపోయే పద్నాలుగో అధ్యాయంలో నాకు తెలియకుండానే కథనం కూడా ఇంటి భాషలోకి వచ్చింది. రెండు అధ్యాయాల తరువాత మళ్లీ పాత భాషకు పోయింది. ఒక స్నేహితురాలు అంతా మాండలికంలోకి మార్చమంటున్నది, ఇంకొకరు అంతా ప్రమాణ భాషలోకి తెమ్మంటున్నారు. మూడోది, డ్యాం నిర్మాణం గురించి ఎంతో చదివి, విని రాసిన అరవై పేజీలు ఉన్నాయి. వాటిని తీసేయమని ఇద్దరూ అంటున్నారు, నాకు మనసు రావడం లేదు.

పోలిక కోసం రెండు చోట్ల నుంచి కొన్ని వాక్యాలు ఇస్తున్నాను. మొదటి అధ్యాయం ఇలా మొదలవుతుంది: "సూర్యుడు పడమటి కొండల చాటుకు జారుకుంటున్న వేళ, వృద్ధురాలి హృదయంలో ఏదో తెలియని ఆవేదన సుళ్లు తిరుగుతుండగా, ఆమె తన పెద్ద కుమారుని రాకకై గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నది." పద్నాలుగో అధ్యాయంలో ఇలా ఉంది: "నడిచి నడిచి అవ్వ కాళ్లు పొక్కులొచ్చినయి. తొవ్వల కనవడ్డ ప్రతి మనిషిని ఆపి అడిగింది. నా కొడుకును జూసినవా అయ్యా, ఎడమ చెవుకు పోగుంటది."

1, 14, 22 అధ్యాయాలను పూర్తిగా కూడా జతచేస్తున్నాను. ఓపిక ఉన్నవారు చదివి, తిరగరాత ఏ వరుసలో చేయాలో చెప్పగలరని కోరుతున్నాను.


జవాబు 1
గుంపుమేస్త్రి మనుమడు (వనపర్తి)

అక్కా, మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. ముందుగా ఒక మాట: మొదటి అధ్యాయాన్ని దిద్దడం ఈ రోజుతో ఆపండి. నవలకు మొదలు ఎలా ఉండాలో చెప్పేది దాని ముగింపు. ముగింపు ఇంకా స్థిరపడకముందే మొదటి పేజీలను చెక్కుతూ కూర్చుంటే, కూల్చవలసి రావచ్చునేమో తెలియని గోడకు సున్నం వేసినట్లే అవుతుంది. మా పాలమూరు నుంచి బొంబాయికి బస్సెక్కి పోయిన కూలీల మీద నేను నవల రాసినప్పుడు మొదటి ఐదు అధ్యాయాల మీద ఏడాదిన్నర గడిపాను. చివరికి కథ ఆరో అధ్యాయంలో, కూలీలను కూడగట్టి పనికి తీసుకుపోయే గుంపుమేస్త్రి ఇంటి ముందర అడ్వాన్సు లెక్కపెట్టే చోట మొదలవుతున్నదని తెలిసి, ఆ ఐదింటినీ పూర్తిగా తీసేశాను. ఆ ఏడాదిన్నర తిరిగి రాలేదు.

మీరు మూడు ఇబ్బందులు చెప్పారు గాని నాకు అవి మూడూ ఒకటిగానే కనబడుతున్నాయి. మొదటి అధ్యాయంలో ఆమె "వృద్ధురాలు", పద్నాలుగులో "అవ్వ". ఆమెను అవ్వ అని పిలవగలిగిన మనిషి ఈ నవలలో ఎవరు? చిన్నకొడుకు కూతురు. అంటే పద్నాలుగో అధ్యాయంలో భాష ఒక్కటే మారలేదు, చెప్పే మనిషి కూడా మారింది. అప్పటిదాకా ఎవరో దూరం నుంచి చూసి రాస్తున్నారు, అక్కడికి వచ్చేసరికి మనుమరాలు చెప్పడం మొదలుపెట్టింది. మీకు తెలియకుండా జరిగిందన్నారు కాబట్టే దాన్ని ఎక్కువగా నమ్మాలని నా అభిప్రాయం. చిత్తుప్రతిలో రచయిత ప్రయత్నం లేకుండా గొంతు మారిన చోటు పొరపాటు కావచ్చు, నవల తన అసలు దారి చూపిన చోటైనా కావచ్చు. మీది రెండోదే అని ఆ రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెట్టి చదివిన ఎవరికైనా తెలుస్తుంది. మొదటి వాక్యంలో ఆవేదన అన్న మాట ఉన్నది, ఆవేదన లేదు. రెండోదానిలో ఆ మాట లేదు, చెవి పోగు ఉన్నది.

చెప్పేది మనుమరాలే అని ఒప్పుకుంటే మిగతావి వాటంతట అవే తేలడం మొదలవుతుంది. భాష ఎవరిది అనే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. డ్యాం గురించిన అరవై పేజీలలో ఆమెకు ఎవరి ద్వారా ఏది తెలిసి ఉంటుందో అది నిలుస్తుంది, తెలిసే వీలు లేనిది పోతుంది. ఇరవై రెండో అధ్యాయంలో సిమెంటు, రాయి, కూలీల సంఖ్య గురించి మీరు నాలుగు పేజీలు రాశారు. అవి తప్పని నేను అనడం లేదు. వాటిని ఎవరు ఎవరికి ఎందుకు చెబుతున్నారో తెలియడం లేదంటున్నాను. అదే సంగతిని పక్క తట్టలో రాయి మోసిన ఒక కూలీ ఇరవై ఏళ్ల తరువాత ఈ అమ్మాయికి చెబితే, నాలుగు పేజీలలో నాలుగు వాక్యాలే మిగలవచ్చు గాని ఆ నాలుగూ పాఠకుడు మరిచిపోడు.

ఇక పద్ధతి. నేను చేసిన విధంగా చెబుతాను, మీ వీలునుబట్టి మార్చుకోండి. ఒక నెల నవల ముట్టుకోకండి. తరువాత మొత్తం కాగితాల మీద అచ్చు తీసి, చేతిలో కలం లేకుండా, వీలైనంత తక్కువ రోజులలో చదవండి. కలం ఉంటే కన్ను అక్షరదోషాల వైపు పోతుంది, కథ వైపు పోదు. రెండోసారి చదివేటప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకొని ప్రతి అధ్యాయానికి మూడు సంగతులు రాయండి: ఎవరు చెబుతున్నారు, అధ్యాయం మొదట్లో ఉన్నదేది చివరికి మారింది, ఈ అధ్యాయం లేకపోతే తరువాత ఏది అర్థం కాదు. నా నవలలో 38 అధ్యాయాలకు గాను తొమ్మిదింటి దగ్గర మూడో ప్రశ్నకు ఏమీ రాయలేకపోయాను. వాటిలో మంచి వాక్యాలు ఉన్నాయి, ఒకదానిలో మా తాత చావు ఉన్నది. అయినా తీశాను. తీసినదాన్ని పారేయలేదు, "మిగులు" అని వేరే ఫైలులో పెట్టాను. దానిలో ఉన్నదన్న ధైర్యంతోనే తీయగలిగాను.

ఆ పుస్తకం నిండిన తరువాతనే తిరగరాతకు కూర్చోండి. అప్పుడు కూడా తెరమీద పాత ఫైలునే తెరిచి అక్కడో మాట ఇక్కడో మాట మార్చకండి. పాత ప్రతి పక్కన పెట్టుకొని ఖాళీ పేజీ మీద మొదటి నుంచి రాయండి. ఇది పెద్ద శ్రమ, అయితే గొంతు మార్చవలసి వచ్చినప్పుడు వేరే దారి లేదు. "వృద్ధురాలు" అన్న చోట "అవ్వ" అని మార్చినంత మాత్రాన ఆ వాక్యం మనుమరాలి వాక్యం కాదు. దాని నడకే వేరు.


జవాబు 2
సద్దిమూట (దేవరకొండ, విశ్రాంత ఉపాధ్యాయుడు)

అమ్మా, మా తాలూకా కథను ఇంత శ్రద్ధతో రాసినందుకు మొదట మీకు నా కృతజ్ఞతలు. వనపర్తి మిత్రుడు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. ఒకటి రెండు చోట్ల మాత్రం నా అభిప్రాయం వేరు. దానికి ముందు, మీరు పంపిన మూడు అధ్యాయాలలో నాకు కనబడిన కాలదోషాలు చెబుతాను. ఇవి చిన్నవిగా కనబడతాయి గాని, ఆ కాలం బతికిన పాఠకుడు ఇలాంటి ఒక్క తప్పు దగ్గర ఆగితే తరువాతి పది పేజీలను నమ్మడు.

మొదటి అధ్యాయం 1957 ఎండకాలం. అందులో చిన్నకొడుకు "మండలాఫీసుకు" పోయి వస్తాడు. మండలాలు ఏర్పడింది 1985లో. అప్పుడు అది తాలూకా, పోయేది తాసీలు కచేరికి. ఊరిలో మాట చెల్లేది పటేలు, పట్వారీలది. ఆ వ్యవస్థ రద్దయింది 1984లో. మీ కథ సరిగ్గా 1985లో ముగుస్తున్నది గనుక దీన్ని తప్పుగా దిద్దుకోవడంతో ఆగకండి, వాడుకోండి. చివరి అధ్యాయాలలో ఊరివాళ్ల నోట మండలం అన్న మాట కొత్తగా, కొంత తడబాటుతో పలికితే ఒక కాలం ముగిసిందని మీరు వేరే చెప్పనక్కరలేదు.

అదే అధ్యాయంలో అవ్వ కొడుకు చేతిలో "యాభై పైసలు" పెడుతుంది. నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ఆ ఎండకాలంలో మా ఊళ్ల ముసలివాళ్లు ఎనిమిదణాలు అనే అంటారు. పైగా హాలి సిక్కా, అంటే నిజాం కాలపు హైదరాబాదు రూపాయి, 1959 దాకా రద్దు కాలేదు. ఏడు హాలి రూపాయలకు ఆరు కల్దారు (భారత ప్రభుత్వ) రూపాయలన్న లెక్క ఆ తరం మనిషి మనసులో ఉంటుంది. మీరు లెక్కల టీచరు, ఈ ఏడు–ఆరు లెక్కతో అవ్వ వేళ్ల మీద మారకం కట్టుకొనే ఒక చిన్న దృశ్యం మీరు రాసినంత బాగా ఇంకొకరు రాయలేరు. తూకాలు, కొలతలు కూడా చూసుకోండి. మెట్రిక్ తూకాలు 1958 నుంచి దశలవారీగా వచ్చాయి. ఇంటిలో గింజలు కొలిచే చోట శేరు, మానెడు, సోలెడు చాలాకాలం నిలిచాయి.

ఇరవై రెండో అధ్యాయంలో 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన రోజును వర్ణించారు. తేదీ సరైనదే. అయితే జనం "ఇరవై ఆరు గేట్లు ఎత్తగా దూకుతున్న నీళ్లను" చూశారని రాశారు. ఆనకట్ట పైన ఆ గేట్లు బిగించింది ఆ తరువాతి ఏళ్లలో. ఆ రోజు వదిలింది కాలువలకు. ఇప్పటి పర్యాటకుల ఫోటోలు మనసులో ఉండి ఆ దృశ్యం వచ్చి ఉంటుంది. కాలువలో మొదటి నీళ్లు వస్తుంటే ముందు ఎండుటాకులు, మట్టి, నురగ కొట్టుకొని వస్తాయి. చెలక రైతు చూసేది దానినే.

ఊరిలో పంచాయతీ ఎన్నికల ప్రస్తావన ఒకచోట ఉంది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ పాలనను నెహ్రూ 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో ప్రారంభించారు. షాద్‌నగర్ ఉన్న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా మనకు పక్కనే గనుక, (పంచాయతీ) సమితి అన్న మాట ఆ తరువాత మీ పాత్రల నోట రావచ్చు, ముందు రాకూడదు.

ఒక సలహా. ఈ సంవత్సరాలన్నిటితో గోడకు అంటించుకొనేటంత పెద్ద పట్టిక ఒకటి రాసుకోండి. ఒక వరుసలో సంవత్సరం, పక్క వరుసలో ప్రతి పాత్ర వయసు, దాని పక్కన వానలు, కరువు, ఊరిలో వచ్చిన మార్పు. అయితే ఆ పట్టిక మీ దగ్గరే ఉండాలి, నవలలోకి రాకూడదు. మా ఊళ్లలో ముసలివాళ్లు సంవత్సరం సంఖ్య చెప్పరు. రజాకార్ల యేడు అంటారు, యూనియన్ మిలిటరీ వచ్చిన యేడు అంటారు, ఫలానా బావి ఎండిన యేడు అంటారు. 1957లో ఆ అవ్వకు 1948 నిన్నమొన్నటి సంగతి. మొదటి అధ్యాయం మొత్తంలో ఆ జ్ఞాపకం ఒక్కచోట కూడా లేకపోవడం నాకు వెలితిగా అనిపించింది. కొడుకు జాడ తెలియకుండా పోవడమంటే ఏమిటో ఆ తల్లులకు అప్పటికే తెలుసు.

ఇప్పుడు భాష. మనుమరాలు చెప్పాలన్నది నాకు నచ్చింది గాని, మనుమరాలి భాష అవ్వ భాష కాదని గుర్తుంచుకోవాలి. అవ్వ మాటలో దర్వాజ, జాగ, దవాఖాన, కచేరి సహజంగా ఉంటాయి. చిన్నకొడుకు మాటలో అవి ఉంటూనే డ్యాం, కాలువ, మోటరు చేరుతాయి. 1985 నాటికి కాలేజీ చదివిన అమ్మాయి క్లాసులో ఒక విధంగా, ఇంట్లో ఒక విధంగా మాట్లాడుతుంది. ఈ మూడు తరాల తేడా చెరిగిపోయేటట్లు అంతా ఒకే మాండలికంలో రాస్తే అది కూడా ఇంకొక పుస్తకాల భాషే అవుతుంది. పద్నాలుగో అధ్యాయంలో భాష అంత బలంగా ఉన్నది అది అవ్వకు అతి దగ్గరగా పోయిన అధ్యాయం గనుక. 42 అధ్యాయాలూ అంత దగ్గరగా ఉండనవసరం లేదు.

డ్యాం పేజీల విషయంలో కూడా అన్నీ తీయమనను. ఏలేశ్వరం వంటి ఊళ్లు ఆ నీళ్ల కింద పోయాయి. మన వైపు నుంచి ఆ మునకను రాసినవారు తక్కువ. దానికి చోటు వెతకండి.


జవాబు 3
అచ్చుతప్పు (నల్లగొండ)

మేడం, నేను ఇరవై ఏళ్లుగా పుస్తకాలకు డీటీపీ, ప్రూఫులు చేస్తున్నాను. కథ గురించి పెద్దలు చెప్పారు, నేను ఆఖరి మెట్టు గురించి మాత్రం చెబుతాను, ఎందుకంటే అక్కడ పాడైన నవలలను చాలా చూశాను.

మాండలికంలో రాసేవారికి ఒక మాటల జాబితా తప్పనిసరి. మీరు పంపిన పద్నాలుగో అధ్యాయంలోనే "కనవడ్డ", "కనబడ్డ", "కనపడ్డ" మూడూ ఉన్నాయి. "వచ్చినయి", "వొచ్చినయ్" రెండూ ఉన్నాయి. ఏది రాసినా తప్పు కాదు, కాని ఒకే గొంతులో ఒకటే ఉండాలి. పాత్ర మారితే రూపం మారవచ్చు, అప్పుడు దాన్ని కూడా జాబితాలో పాత్ర పేరుతో రాసుకోవాలి. ఈ జాబితా ప్రూఫులు చూసేవారికి తప్పక ఇవ్వండి. మన మాట తెలియని ప్రూఫ్ రీడరు మంచి ఉద్దేశంతోనే "నిలవడ్డది" అన్నదాన్ని "నిలబడింది" అని దిద్దుతారు. ఒక నవల అచ్చు ప్రతిలో సగం పుస్తకం అలా మారిపోయి, రచయిత కన్నీళ్లు పెట్టుకోవడం నేను చూశాను.

కంప్యూటరులో వెతికి మార్చే సౌకర్యాన్ని పూర్తిగా నమ్మకండి. "సాగర్‌లో" వంటి మాటలలో పొల్లు నిలవడానికి మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. అది ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే వెతుకులాటలో సగం దొరకవు. మీరు యూనికోడ్‌లో టైపు చేశారు గనుక ఇంకొక జాగ్రత్త. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ "అను" అనే పాత పద్ధతి ఫాంట్లలోనే పేజీలు కడతారు. యూనికోడ్ నుంచి వాటిలోకి మార్చేటప్పుడు వత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు చెదురుతాయి. అందువల్ల మార్చిన తరువాత మొత్తం మళ్లీ చదవాలి, మార్చకముందు చూసిన ప్రూఫు లెక్కలోకి రాదు.

నిడివి గురించి ఒక లెక్క. 1/8 డెమ్మీ సైజులో పేజీకి 220 మాటలు అనుకుంటే మీ నవల దాదాపు 590 పేజీలు వస్తుంది. ఫారానికి 16 పేజీల చొప్పున 37 ఫారాలు. కాగితం ఖర్చు, పుస్తకం వెల దాన్నిబట్టే ఉంటాయి. దీని కోసం కథను కోయమనడం లేదు, సొంతంగా అచ్చు వేసుకొనే ఆలోచన ఉంటే ముందే తెలిసి ఉండాలని చెబుతున్నాను. పేజీలు కట్టిన తరువాత అధ్యాయాలు తీయడం, చేర్చడం మాత్రం వద్దు. ఆ పని ఇప్పుడే కానీయండి.


ప్రశ్న అడిగినవారి జవాబు
ఆముదపు చెలక (మిర్యాలగూడ)

ముగ్గురికీ నమస్కారాలు. వెంటనే జవాబు రాయకుండా ఐదు వారాలు ఆగాను, చెప్పినవి చేసి చూసిన తరువాతనే రాయాలనుకున్నాను.

నెల పాటు ప్రతిని ముట్టుకోలేదు. గడిచిన వారంలో మా అమ్మ దగ్గరికి పోయి మొదటి అధ్యాయం, పద్నాలుగో అధ్యాయం చదివి వినిపించాను. మొదటి అధ్యాయం మొత్తం అమ్మ నిశ్శబ్దంగా విని, "ఇది ఎవల ముచ్చట?" అని అడిగింది. పద్నాలుగో అధ్యాయం మధ్యలోనే నన్ను ఆపింది. అవ్వ తొవ్వల తినడానికి గట్క (జొన్న రవ్వతో వండే సంకటి) కట్టుకుపోయిందని నేను రాశాను. ఎండకాలం రెండు రోజుల నడకకు గట్క కట్టుకుపోరని, పులిసిపోతుందని, జొన్నరొట్టెలు, ఎండుమిరప కారం కట్టుకుపోతారని చెప్పింది. తరువాత తనంతట తానే, తన చిన్నతనంలో సాగర్ పనికి పోయి తిరిగిరాని ఒక మనిషి తల్లి ప్రతి బస్సు దగ్గరికీ పోయి నిలబడేదని చెప్పింది. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు ఎన్నడూ చెప్పలేదు. మొదటి అధ్యాయం విన్నప్పుడు ఎందుకు చెప్పలేదో నాకు అర్థమైంది.

మనుమరాలి గొంతుతో మొదలును మళ్లీ రాసి చూశాను: "మా పెద్దనాయన సాగర్ పనికి పోయిన మాపు అవ్వ అన్నం ముట్టలేదని మా నాయన చెప్పేవాడు. ఎనిమిదణాలు కొడుకు చేతిల పెట్టి, మళ్ల పిలిచి, అవి హాలివి కావు కల్దారువే అని చెప్పిందట. అంతకన్న వేరే మాట చెప్పలేదట." ఇది సరైన దారిలోనే ఉందా? "చేతిల", "మళ్ల" అన్న రెండు మాటలు ఆ అమ్మాయివి, మిగతా కథనం ఆమె చదువుది, "చెప్పిందట" అనేది తండ్రి నుంచి విన్నది అని గీత గీసుకున్నాను.

నోటుపుస్తకం కూడా రాస్తున్నాను. ఇరవై ఆరు అధ్యాయాల వరకు వచ్చాను, మూడో ప్రశ్న దగ్గర ఏడు చోట్ల ఖాళీలు మిగిలాయి. ఒక పెద్ద సందేహం మాత్రం తీరలేదు. డ్యాం దగ్గర పెద్దనాయన చివరి రోజులను నేను మూడు అధ్యాయాలలో నేరుగా రాశాను. అవి చూసి చెప్పగలిగిన మనిషి నవలలో ఎవరూ బతికి లేరు. మనుమరాలికి అవి ఎలా తెలుస్తాయి?


గుంపుమేస్త్రి మనుమడు (వనపర్తి)

అక్కా, కొత్త మొదలు బాగుంది. "అవి హాలివి కావు" అన్న మాటలో తల్లి మొత్తం ఉన్నది. "అన్నం ముట్టలేదని" అన్నదాన్ని మాత్రం ఒకసారి చూడండి. చెలక ఊరిలో 1957లో ఆ ఇంట్లో మాపటికి అన్నం ఉంటుందా, గట్కనా? అమ్మను అడగండి.

ఆ మూడు అధ్యాయాల గురించి నా సలహా మీకు కష్టంగా ఉండవచ్చు. ఆమెకు తెలియకూడదు. మా ఊళ్ల నుంచి దూరాన పనికి పోయి రాకుండా పోయినవారి కథలు చాలా ఇళ్లలో ఇప్పటికీ ముగియలేదు. ఒకరు రాయి మీద పడిందంటారు, ఒకరు వేరే పెండ్లి చేసుకొని ఎక్కడో బతుకుతున్నాడంటారు, ఒకరు జ్వరం అంటారు. మనుమరాలు 1985లో సాగర్ వెళ్లి అడిగినప్పుడు మీరు రాసిన మూడు అధ్యాయాలూ ముగ్గురు మనుషుల నోట మూడు వేరు వేరు కథలుగా వస్తే, నేరుగా రాసినదానికన్నా నిజంగా ఉంటుందని నా నమ్మకం. ముగ్గురిలో ఒకరు మాత్రమే చెవి పోగును గుర్తుంచుకొని ఉండాలి.

దేవరకొండ సారు చెప్పిన మూడు తరాల భాష విషయంలో నేను ముందు రాసినదాన్ని సవరించుకుంటున్నాను. వారు చెప్పిందే సరి.


సద్దిమూట (దేవరకొండ)

ఆ ముగ్గురిలో ఒకరు ఏలేశ్వరం నుంచి లేచి వచ్చినవారైతే మునక సంగతికి చోటు దొరుకుతుంది, వేరే అధ్యాయం అక్కరలేదు. తన ఊరు నీళ్ల కింద ఉన్న మనిషి ఇంకొకరి కొడుకు జాడ చెప్పడం రాయడానికి మీకు చేయి వస్తుంది.

బోరింగు నీళ్ల అధ్యాయాలు నేను ఇంకా చూడలేదు. వాటిలో ఒక సంగతి ముందే చెబుతాను. దంతాల మీద గారలు, వంగిన కాళ్లు ముందు వస్తాయి, ఫ్లోరైడు అన్న మాట ఊరికి చాలా ఆలస్యంగా వస్తుంది. ఆ మాట రానంతకాలం ఊరు దాన్ని దేవుని మీదనో, ఇంటి మీదనో, వంశం మీదనో వేస్తుంది. తండ్రి కాళ్లు వంగుతున్నప్పుడు మనుమరాలికి ఆ మాట తెలియదు, చెప్పేనాటికి తెలుసు. ఆ రెండింటినీ కలపకుండా రాయాలి.

తిరగరాసిన తరువాత ఆ భాగం నాకు పంపండి అమ్మా, వారం రోజుల్లో చదివి తిరిగి పంపుతాను. కాగితం మీద అచ్చు తీసి, అక్షరాలు 16 పాయింట్లలో ఉంచి, పక్కన రాసుకోవడానికి వెడల్పుగా అంచు వదిలితే నాకు సులువుగా ఉంటుంది.